తలకు గాయమైతే సమాచారం ఎక్కడ, అండ ఎక్కడ?

తలకు బలమైన దెబ్బ తగిలినప్పుడు కుటుంబం అడిగే ప్రశ్నలు దశను బట్టి మారుతూ ఉంటాయి. మొదటి గంటల్లో ఏ ఆసుపత్రికి తీసుకెళ్లాలన్నదే ప్రశ్న. వారం గడిచాక, డాక్టర్లు చెప్పేదానికి అర్థమేమిటన్న ఆరాటం. ఇంటికి వచ్చాక మరో రకం అయోమయం: పిలిస్తే పలుకుతున్నాడు, నడుస్తున్నాడు, మరి మునుపటిలా ఎందుకు లేడు? మొదటి రెండు దశలకు మన దగ్గర ఎంతో కొంత ఏర్పాటు ఉంది. ఏళ్ల తరబడి సాగే మూడో దశలోనే కుటుంబాలు ఒంటరిగా మిగిలిపోతున్నాయి.

మన దేశంలో మెదడు గాయాలు ఎక్కువగా రోడ్డు ప్రమాదాల వల్లే అవుతున్నాయి. హైదరాబాద్‌లో 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్స్ ఇలాంటి వేళ మొదటి ఆసరా. దగ్గర్లో ఉన్న నర్సింగ్‌హోం కంటే, సీటీ స్కాన్, న్యూరోసర్జన్ రెండూ ఉన్న ఆసుపత్రికి చేరడం ముఖ్యం. రోడ్డు ప్రమాద బాధితులకు మొదటి ఏడు రోజుల్లో లక్షన్నర రూపాయల వరకు నగదు కట్టకుండా చికిత్స అందించే కేంద్ర పథకం 2025 మేలో అమల్లోకి వచ్చింది. ఈ సంగతి చాలామందికి తెలియదు. ఆసుపత్రిలో అడగాలి.

స్కాన్ బాగుందని ఇంటికి పంపినా మొదటి ఒకటి రెండు రోజులు కనిపెట్టి ఉండాలి. పదేపదే వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, లేపినా లేవనంత మగత, ఫిట్స్, ఒక కంటిపాప రెండోదానికంటే పెద్దదిగా కనిపించడం - వీటిలో ఏది కనిపించినా వెంటనే తిరిగి తీసుకెళ్లాలి. పెద్దవయసువారిలో, రక్తం పలచబడే మందులు వాడేవారిలో చిన్న దెబ్బకే మెదడు పైపొర కింద రక్తం మెల్లమెల్లగా చేరి, వారాల తర్వాత బయటపడవచ్చు. తాతగారు బాత్‌రూంలో జారిపడ్డ సంగతి ఇంట్లో అందరూ మరిచిపోతారు. నెల తర్వాత ఆయన తడబడుతుంటే, పొంతన లేకుండా మాట్లాడుతుంటే వయసు మీద పడిందనుకుంటారు. చాలాసార్లు చిన్న ఆపరేషన్‌తో నయమయ్యే పరిస్థితి ఇది.

ఐసీయూ కాగితాల్లో తరచూ కనిపించే మాట జీసీఎస్ (గ్లాస్గో కోమా స్కేల్). స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో గ్రాహం టీస్‌డేల్, బ్రయాన్ జెనెట్ అనే న్యూరోసర్జన్లు 1974లో రూపొందించిన కొలత ఇది. కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6 మార్కులు, మొత్తం 15. ఏ స్పందనా లేకపోయినా ఒక్కోదానికి ఒక మార్కు ఉంటుంది కనుక 3 కంటే తగ్గదు. కేస్‌షీట్‌లో ‘ఈ2, వీటీ, ఎం5’ అని ఉంటే దాన్ని ఇలా చదువుకోవాలి: నొప్పి కలిగిస్తే కళ్లు తెరుస్తున్నాడు, గొంతులో గొట్టం ఉన్నందువల్ల మాట పరీక్షించలేదు, నొప్పి పెట్టిన చోటికి చెయ్యి తెస్తున్నాడు. 13 నుంచి 15 వరకు స్వల్ప గాయం, 9 నుంచి 12 మధ్యస్థం, 8, అంతకంటే తక్కువైతే తీవ్రం. ‘స్వల్పం’ అన్నది తొలిరోజుల్లో ఉన్న స్పృహను బట్టి పెట్టిన పేరు మాత్రమే. ఆ తర్వాత ఇబ్బందులేవీ రావన్న హామీ అందులో లేదు.

డిశ్చార్జి కాగితంలో మందులు, కుట్లు విప్పే తేదీ ఉంటాయి. మనిషి స్వభావం మారవచ్చని రాసి ఉండడం అరుదు. నుదుటి వెనకున్న మెదడు భాగం దెబ్బతింటే పని మొదలుపెట్టే శక్తే తగ్గిపోతుంది. వేడినీళ్లు తోడిపెట్టి, సబ్బు, తువ్వాలు అందించినా బకెట్ ముందు అలాగే కూర్చుంటాడు. ‘చెంబు తీసుకో, నీళ్లు పోసుకో’ అని ఒక్కో మాట చెబితే స్నానం పూర్తవుతుంది. ఇంట్లోవాళ్లు దీన్ని బద్ధకమనో మొండితనమనో అనుకుంటారు. తిట్లు, కన్నీళ్లు అక్కడే మొదలవుతాయి. పొద్దున చెప్పింది సాయంత్రానికి గుర్తుండకపోవడం, ఇట్టే కోపం రావడం, గంటసేపు నలుగురిలో కూర్చుంటే సొమ్మసిల్లినంత అలసట కూడా గాయం తెచ్చినవే. కొందరికి వాసన తెలియదు. గ్యాస్ లీకైనా, కూర మాడినా వాళ్లకు పట్టదు కనుక వంటింట్లో ఒంటరిగా వదలకూడదు.

గాయమైన నెలలకు, ఒక్కోసారి ఏళ్లకు ఫిట్స్ రావచ్చు. అప్పుడు చేతిలో తాళాలగుత్తి పెట్టడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం వల్ల మేలేమీ లేదు, చెంచాతో పళ్లు విరిగే ప్రమాదం కూడా ఉంది. పక్కకు ఒత్తిగిల్లజేసి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టి, గడియారం చూసుకోవాలి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. మందులు సొంతంగా మానడం ప్రాణాంతకం కావచ్చు.

పునరావాసం అంటే మనవాళ్లకు ఫిజియోథెరపీ ఒక్కటే తెలుసు. బొత్తాలు పెట్టుకోవడం, అన్నం కలుపుకోవడం వంటి రోజువారీ పనులను మళ్లీ నేర్పేది ఆక్యుపేషనల్ థెరపీ. మాటతోపాటు మింగడంలో ఇబ్బందినీ స్పీచ్ థెరపిస్టు చూస్తారు. జ్ఞాపకం, ఏకాగ్రత, ప్రవర్తన న్యూరోసైకాలజిస్టు పని. హైదరాబాద్‌లో నిమ్స్, రాయలసీమవారికి దగ్గరగా ఉండే బెంగళూరులోని నిమ్హాన్స్ ఈ సేవలకు ప్రభుత్వరంగంలో పెద్ద కేంద్రాలు. పరీక్ష ఏ భాషలో జరుగుతోందన్నదీ అడగాలి. ఇంట్లో తెలుగు మాట్లాడే రైతును ఇంగ్లిషు ప్రశ్నలతో పరీక్షిస్తే వచ్చే ఫలితానికి విలువ లేదు. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 608 మంది పక్షవాతం రోగులను పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషలు మాట్లాడేవారిలో దాదాపు 40 శాతం మందికి ఆలోచనాశక్తి మామూలుగా నిలిచింది; ఒకే భాష తెలిసినవారిలో అది సుమారు 20 శాతమే. తెలుగు, ఉర్దూ కలగలిసిన హైదరాబాద్ ఇలాంటి పరిశోధనకు అనువైన చోటు.

ఖర్చుల విషయానికొస్తే, 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ ఇప్పుడు తెలంగాణలో అదే పేరుతో, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తోంది. ఆసుపత్రి కౌంటర్లో ఉండే ఆరోగ్యమిత్రను మొదటిరోజే కలవాలి. అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను గుర్తించింది. పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్, సెరిబ్రల్ పాల్సీ, కండరాల క్షీణత అందులో పేరుతో సహా ఉన్నాయి. తల గాయం అన్న పేరు లేదు. అందువల్ల గాయం మిగిల్చిన లోపం ఏమిటో - కాలుచేయి ఆడకపోవడమా, మాటపోవడమా, మానసిక స్థితా - దాన్నిబట్టే, వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరంలో అంచనా వేయించుకోవాలి. నడిచి వెళ్లిన మనిషిని పైపైన చూసి పంపేయకుండా, జ్ఞాపకశక్తి పరీక్షల నివేదిక, న్యూరాలజిస్టు రాసిన కాగితం వెంట ఉండాలి. వైకల్యం 40 శాతం లేదా అంతకంటే ఎక్కువ ఉంటే పింఛను, రిజర్వేషన్ వంటి ప్రయోజనాలకు దారి తెరుచుకుంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000. తెలంగాణలో దివ్యాంగులకు 4,016.

రోడ్డు ప్రమాదమైతే ఎఫ్‌ఐఆర్ నకలు, మెడికో లీగల్ కాగితం, స్కాన్ ఫిల్ములు, మందుల బిల్లులు ఒకే ఫైల్లో దాచాలి. పరిహారం కోసం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు ఆరు నెలల్లోపే వెళ్లాలని 2019 చట్ట సవరణ చెబుతోంది. కోమాలో ఉన్న పెద్దవాళ్ల బ్యాంకు ఖాతా నడపడానికి, ఆస్తి అమ్మి వైద్యం చేయించడానికి సంరక్షకుణ్ణి నియమించే ప్రత్యేక చట్టం మనకు లేదు. కుటుంబాలు హైకోర్టు మెట్లు ఎక్కాల్సి వస్తోంది. ఇప్పటికే కుంగిపోయిన ఇంటిమీద ఇది మోయలేని బరువు. సరిదిద్దవలసిన లోపం.

ఇలాంటి కుటుంబాలు ఒక్కచోట చేరడం వల్లే ప్రపంచమంతటా సహాయ సంఘాలు పుట్టాయి. అమెరికాలో కారు ప్రమాదంలో కూతురు గాయపడ్డాక మార్లిన్ స్పివాక్ 1980లో తల గాయాల కోసం పనిచేసే అక్కడి జాతీయ సంఘానికి పునాది వేశారు. 2005లో పోలో ఆడుతూ జోధ్‌పుర్ యువరాజు శివరాజ్ సింగ్ తలకు తీవ్రంగా గాయమైంది. ఆయన తండ్రి గజ్ సింగ్ 2007లో ఇండియన్ హెడ్ ఇంజురీ ఫౌండేషన్ స్థాపించారు. ఇతర నాడీ జబ్బులకూ సంఘాలు ఉన్నాయి: ఇండియన్ ఎపిలెప్సీ అసోసియేషన్; హైదరాబాద్ శాఖ ఉన్న మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ; మతిమరుపు వ్యాధి కుటుంబాల కోసం అల్జీమర్స్ సంఘమైన ఏఆర్‌డీఎస్ఐ. పక్క మీద ఉన్నవారికి పుండ్లు పడకుండా ఎన్ని గంటలకోసారి తిప్పాలి, కోపం వచ్చినప్పుడు గదిలోంచి ఎవరు బయటికి వెళ్లాలి, ఇంట్లో పిల్లలకు ఏమని చెప్పాలి వంటివి డాక్టరు పది నిమిషాల్లో చెప్పలేరు. అదే బాధ పడ్డ మరో ఇల్లాలు చెప్పగలదు.

ఇదే దారిలో మోసాలూ ఎదురవుతాయి. పక్షవాతానికి పావురం రక్తం పూయడం పాత నమ్మకమైతే, మూలకణాల ఇంజెక్షన్‌తో మెదడు బాగవుతుందనే లక్షల రూపాయల బేరం కొత్తది. అనుమతి పొందిన ప్రయోగాల్లో తప్ప మెదడు జబ్బులకు మూలకణాలు వాడకూడదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ప్రయోగానికి రోగి దగ్గర డబ్బు అడిగితే అక్కడే అనుమానించాలి.

చూసుకునే మనిషికి నిద్ర కరవవడం, ఉద్యోగం మానేయడం, చుట్టాలు రావడం తగ్గించడం ఏ కాగితం మీదా నమోదు కావు. అన్నీ సక్రమంగా చేస్తున్న భార్యో తల్లో లోలోపల కుంగిపోతుంటారు. వారి కోసం 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన టెలీ మానస్ సేవ ఉంది. 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. రోగి గురించే కాక తమ గురించి కూడా చెప్పుకోవచ్చు.