విద్యావంతుల వలస

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థను మన పాఠకులలో పెక్కురెఱుగుదురు. ఆ దాత రంగూనునకు వలసపోయి, వర్తకముచేసి గడించిన ధనమును స్వదేశమున ధర్మకార్యములకు వినియోగపఱచెను. ఆ సంస్థవారు సాయపడుదుమని యిచ్చిన మాటయు, మామగారు కూర్చిన ధనమును ఆధారముగా గొని, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1920 వ దశకారంభమున అమెరికాకు పయనమైరి. మొదటివారి ధనము తిరిగివచ్చెను. రెండవవారు తిరిగిరాలేదు, 1948 లో ఆ దేశమునందే కన్నుమూసిరి. విద్యావంతుల వలసనుగూర్చి మేము చెప్పదలచిన దంతయు ఈ రెండు జీవితములందు నిమిడియున్నది.

సుబ్బారావుగా రేల పోయిరి? మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లేయాచార్యుని యాగ్రహమునకు గుఱియైరి. కోరిన పట్టమునకు మాఱుగా తక్కువపట్టము చేతికి వచ్చెను. ఆ పట్టముతో ఆయుర్వేద కళాశాలలో ఉపన్యాసకులుగా కాలముగడపిరి. అట్టివారే అమెరికాలో పరిశోధనశాల లభింపగానే ఫోలిక్ ఆమ్లమును, ఆరియోమైసినును, రక్తపు క్యాన్సరునకు వాడుమందులను లోకమున కందించిన కృషికి నాయకులైరి. నాటి పాలన పరులది. ఖద్దరు కట్టినవానికి వారి కళాశాలలో చోటు లేకపోవుట వింతగాదు.

కాని 1949 లో పాలన మనది. పంజాబువాసియగు హరగోవింద ఖొరానాగారు భారతప్రభుత్వపు విద్యార్థివేతనముతో ఇంగ్లండుకు పోయి, లివర్పూలులో డాక్టరు పట్టమును బొంది, ఆ యేట స్వదేశమునకు వచ్చిరి. తగిన యుద్యోగము దొరకలేదు. మరల ఓడయెక్కిరి. కేంబ్రిడ్జి, కెనడాల మీదుగా అమెరికా చేరి, 1966 లో ఆ దేశ పౌరులై, 1968 లో నోబెల్ బహుమానమును గైకొనిరి. చదివించిన వ్యయము మనది, ఫలము పరులది. ఈ పాపమును ఏ తెల్లదొరపై మోపగలము?

దాదాభాయి నౌరోజీగారు పూర్వము చేసిన హెచ్చరిక యిచట స్మరణీయము. ఆంగ్లోద్యోగులు పింఛనుతో ఇంటికి మరలునప్పుడు దేశధనమును మాత్రమేగాక, ఇచ్చట గడించిన అనుభవమును వివేకమును గూడ వెంటగొనిపోవుచున్నారని ఆయన వాదించిరి. ధననష్టము కంటికి కనబడును, అనుభవనష్టము కనబడదు. ఆ దొరలు పోయిరి. ఆ నష్టము పోలేదు. ఇప్పుడు మన బిడ్డల చేతులమీదుగా జరుగుచున్నది.

డబ్బు వచ్చుచున్నదిగదా యని కొందఱందురు. నిజమే. 2022 లో ప్రవాసులు భారతదేశమునకు పంపిన సొమ్ము 10,000 కోట్ల డాలర్లకు మించినది. దానివలన అప్పులు తీరినవి, ఇండ్లు లేచినవి, చెల్లెండ్ర పెండ్లిండ్లు జరిగినవి. దానిని మేము తృణీకరింపము. కాని ఆ సొమ్ములో నధికభాగము కుటుంబములకు చేరునే గాని, ఊరి యాసుపత్రికి శస్త్రవైద్యుని దెచ్చిపెట్టదు. బ్యాంకు ద్వారా రూపాయలు వచ్చును. రోగి నాడిపట్టు చేయి రాదు.

ధనికరాజ్యములకును ఈ వ్యాధి తగులకపోలేదు. తమ శాస్త్రజ్ఞులు అమెరికాకు తరలిపోవుచున్నారని 1963 లో లండనులోని రాయల్ సొసైటీవారు నివేదిక వెలువరించిరి. అయినను ఆ దశకముననే ఆంగ్లేయులు తమ ఆరోగ్యశాఖలోని ఖాళీలను భారతవైద్యులతో పూరించుకొనిరి. మెట్టపైవాడు తన క్రిందివాని పొలమునుండి నీరు తోడుకొనగలడు. అందఱికంటె క్రిందనున్న పల్లెవాడు ఎవరి పొలమునుండి తోడుకొనును? బీదదేశముల వైద్యులను విచక్షణలేక కొనిపోరాదని 2010 లో ప్రపంచారోగ్యసంస్థ నియమావళి నేర్పఱచినది. అది పాటించువారి యిచ్ఛకు లోబడినదేగాని శాసనము గాదు.

అట్లయిన సరిహద్దున కంచె వేయుదమా? వలదు. సముద్రయానమునకు ప్రాయశ్చిత్తము విధించిన కాలమునకు మరలుట మేమొల్లము. సుబ్బారావుగారిని నాడు నిర్బంధించియున్నచో లోకమునకు ఆ యౌషధములు దక్కియుండునా? పోవువానిని దేశద్రోహి యనుట సులభము; వానికి పని చూపుట కష్టము. ఆ కష్టమును బూనిన దేశములు గలవు. దక్షిణ కొరియా 1966 లో శాస్త్రసాంకేతిక పరిశోధనసంస్థను స్థాపించి, స్వదేశాచార్యుల జీతములకంటె హెచ్చు జీతము లిచ్చి, విదేశములనున్న తన శాస్త్రజ్ఞులను పిలిపించుకొనెను. చీనాలో జన్మించి, అమెరికాలో మూడుదశాబ్దములకు పైగా గడపిన మోరిస్ చాంగుగారిని తైవాను 1985 లో రావించి పరిశోధనసంస్థ నొప్పగించెను. 1987 లో ఆయన నెలకొల్పిన చిప్పుల కర్మాగారమునకు నేడు అమెరికా సంస్థలే గిరాకులు. ఆ దేశములు కన్నీటితో గాక, కార్యశాలలతో పిలిచినవి.

మనకు వలసినదియు నదియే. విశ్వవిద్యాలయములలో ఖాళీలను సిఫారసులకై నిలుపక, యోగ్యులతో సకాలమున నింపవలయును. పల్లెకు పోవు వైద్యునకు ఇల్లు, పరికరములు, సహాయకులు, బిడ్డలకు మంచిబడి సమకూర్పవలయును. ఇవి ప్రభుత్వపు విధులు. మన విధియు నొకటి గలదు. రెండెకరములు తెగనమ్మి కుమారుని విమానమెక్కించు తండ్రులు మనలో నెందఱో గలరు. అందు మేము తప్పెన్నము. కాని ఊరి కళాశాలకు ప్రయోగశాల నిర్మింప చందా యడిగినప్పుడు చేయి వెనుకకు తీయువారును మనమే. రంగూనులో గడించిన వర్తకుని ధర్మము ఒక విద్యార్థి ప్రయాణమునకు అండయైనది. నేడు అమెరికాలో గడించువారి ధర్మమును, ఇచ్చటి భూస్వాముల ధర్మమును గలసి, అట్టి విద్యార్థి తిరిగివచ్చి నిలుచుటకు వలయు పీఠ మొకటి యేర్పఱుపరాదా?

పోయినవానిని నిందించుటకు ముందు, వాడు మరలివచ్చిన నాడు ఎచ్చట కూర్చుండబెట్టుదుమో చెప్పగలుగుదుము గాక.