పూల్ లీగ్‌లో హ్యాండీక్యాప్ ఎలా లెక్కేయాలి?

పూల్ లీగ్ నడిపే ప్రతి చోటా ఒక గొడవ ఉంటుంది, అదే హ్యాండీక్యాప్. ఎవరికి ఎంత ఇవ్వాలి? ఈరోజు దాని గురించే చెప్తాను.

అసలు ఇదెందుకు? ఎంట్రీ ఫీజు కట్టి నాలుగు వారాలు వరసగా ఓడిపోయిన కొత్త కుర్రాడు ఐదో వారం రాడు. అలా కొత్తవాళ్లు ఆగిపోతే చివరికి నలుగురు సీనియర్లే మిగులుతారు. ఇక లీగ్ ఎక్కడిది?

సరే, లెక్కలోకి వద్దాం. ఒక సీనియర్, ఒక జూనియర్ 30 గేములు ఆడారు అనుకోండి. సీనియర్ 20 గెలిచాడు, జూనియర్ 10. అంటే 2కి 1. ఇప్పుడు "ముందు 6 గేములు గెలిచినవాడిదే మ్యాచ్" అని ఇద్దరికీ ఒకే టార్గెట్ పెడితే, సీనియర్ గెలిచే ఛాన్స్ దాదాపు 88 శాతం. చూడటానికి సమానంగానే ఉంది, కానీ ఆట ముందే అయిపోయింది! అదే సీనియర్‌కి 6, జూనియర్‌కి 3 పెట్టండి. సీనియర్ ఛాన్స్ సుమారు 47 శాతానికి వస్తుంది. ఇప్పుడు అసలైన పోటీ.

మరి ఇద్దరూ ఎప్పుడూ ఎదురుపడకపోతే? దానికి ఫార్గోరేట్ అనే రేటింగ్ ఉంది. చెస్‌లో ఈలో రేటింగ్ లాంటిదే. మీరు ఎవరి మీద ఎన్ని గేములు గెలిచారో చూసి నంబర్ ఇస్తుంది. 100 పాయింట్ల తేడా ఉంటే 2కి 1, 200 ఉంటే 4కి 1 అని లెక్క.

ఇక్కడే ఒక తెలివి కూడా నడుస్తుంది. కావాలని ఓడిపోయి రేటింగ్ తగ్గించుకోవడం! అమెరికాలో ఏపీఏ లీగ్ దీన్ని ఎలా పట్టుకుంటుందంటే, గెలుపోటములతో పాటు ఇన్నింగ్స్ కూడా రాస్తారు. బాల్ వేసే ఉద్దేశం లేకుండా కొట్టిన షాట్‌ని డిఫెన్సివ్ షాట్‌గా విడిగా గుర్తు పెడతారు. పైగా 8-బాల్‌లో లెవెల్స్ 2 నుంచి 7 వరకు ఉంటాయి. ఆడే ఐదుగురి లెవెల్స్ కలిపితే 23 దాటకూడదు. అందరూ తోపులే ఉన్న టీమ్ కుదరదన్నమాట.

మీ లీగ్ చిన్నదైతే ఒక నోట్‌బుక్ చాలు. ప్రతి గేమ్ రాయండి. ఒక్క మ్యాచ్ చూసి నంబర్ మార్చొద్దు, చివరి 30 గేములు చూడండి. మార్చిన నంబర్ మ్యాచ్‌కి ముందే గ్రూప్‌లో పెట్టండి. పేరు చూసి కాదు, రాసిన లెక్క చూసి ఇస్తే ఎవరూ నోరెత్తరు.

మీ దగ్గర ఎలా ఇస్తున్నారో కామెంట్‌లో చెప్పండి.