కాలిన పలకను పారవేయక ముందు ఒక మనవి



పడుగుపోగు మాటిమాటికి ఒకే చోట తెగుచుండిన మనము పోగును నిందింపము. అచ్చులో వంగిన పుల్లను వెదకుదుము. మోటారు రాట్నములోని పలక కాలినప్పుడును ఇదే బుద్ధి అవసరమని మేము నష్టపడి నేర్చుకొంటిమి.

రాయచూరు జిల్లాలోని మా సంఘమున కండెలు చుట్టు మోటారు రాట్నమున్నది. మొన్నటి వేసవిలో పెండ్లిచీరల పని ముమ్మరముగా నుండగా ఒకనాటి గాలివానకు అది ఆగినది. వేగమును హెచ్చించి తగ్గించు ఎలక్ట్రానిక్ పలకలో ఫ్యూజు పోయినది. తొందరపడి ఫ్యూజుకు బదులు రాగితీగ చుట్టితిమి. ఆ తప్పు మాదే. నిమిషములో పొగ లేచి పలక ఒక మూల నల్లబడినది. మగ్గములకు కండెలు చాలక ఇండ్లలోని అమ్మలు, అవ్వలు మరల చేతిరాట్నము పట్టిరి.

కొత్త పలకయే శరణ్యమని పట్నములో చెప్పిరి. ఒక రేడియో మెకానిక్కు మాత్రము మమ్ము ప్రక్కన కూర్చుండబెట్టుకొని బాగుచేసెను. అతడు చూపినది ఇది.

మొదట ప్లగ్గు తీయవలెను. అంతటితో అపాయము తీరదు. 230 వోల్టుల కరెంటు డయోడ్లు దాటి కెపాసిటరులో సుమారు 325 వోల్టులుగా నిలువయుండును. దానిని బల్బు ద్వారా ఖాళీచేసి, మీటరులో సున్న చూచిన పిమ్మటనే చేయి పెట్టవలెను. ఈ పని తెలిసినవారిచేతనే చేయింపుడు.

తరువాత కంటితో పరీక్ష. ఫ్యూజు గాజు లోపల నల్లబడిన పెద్ద షార్టు అయినదని గుర్తు. ఉబ్బిన కెపాసిటరు, పగిలిన వారిస్టరు, మాడిన రెసిస్టరు ఇట్టే కనబడును. కాని మిక్కిలి నల్లబడినదే మొదటి దోషి యనరాదు. మా పలకలో మాడినది రెసిస్టరు. దానిని మాడ్చినది పైకి చెక్కుచెదరని డయోడు. డయోడు ఒక దిక్కునకే కరెంటును పోనిచ్చును. ఒక కాలు ఊడదీసి మీటరు పెట్టగా రెండు దిక్కులను దారి చూపినది. కనుక అది పోయినదే.

రెసిస్టరు విలువ రంగుపట్టెలలో నుండును. గోధుమ, నలుపు, నారింజ యనిన 1, 0, ఆపై మూడు సున్నలు, అనగా 10,000 ఓములు. మా దాని పట్టెలు మాడినందున అదే రకపు మంచి పలకను ప్రక్క సంఘమునుండి తెచ్చి చూచితిమి.

కొత్తవి అతుకునప్పుడు డయోడు పట్టె, కెపాసిటరు మైనస్ గుర్తు పాతవాని దిక్కుననే యుండవలెను. కెపాసిటరు వోల్టులు పాతదానికి తగ్గరాదు. మన ఎండలకు 85 డిగ్రీలదానికన్న 105 డిగ్రీలది మేలు. ఫ్యూజు అదే ఆంపియరులది కావలెను. పలకపై మాడిన బొగ్గును గీకివేయవలెను, ఏలయన బొగ్గు గుండ కరెంటు పాకును. మొదటిసారి 100 వాట్ల పాతరకపు బల్బును వరుసలో కలిపి స్విచ్చి వేసితిమి. అది క్షణము వెలిగి మందగించినది. కాంతి తగ్గకున్నచో షార్టు ఇంకను ఉన్నట్లే.

ఇంతకు మూలకారణమేమి? షెడ్డులో న్యూట్రల్ తీగ వదులైనది. మూడు ఫేజుల కరెంటులో న్యూట్రల్ ఊడిన 230 వోల్టులకు బదులు 400 దరిదాపులకు ఎక్కవచ్చును. దీనికితోడు నూలుపీచు పలకపై పొరగా పేరుకొని వేడిని బయటికి పోనీయలేదు. వీనిని సరిచేయక భాగములు మార్చుట, వంగిన పుల్ల నటులనే యుంచి పోగు అతుకుటవంటిది.

చింతకింది మల్లేశముగారు తల్లి పడు శ్రమ చూచి ఆసు యంత్రము నిర్మించిన నేతబిడ్డ. 2017లో పద్మశ్రీ పొందిరి. యంత్రము మనకు అందని విద్య కాదు. ప్రతి సంఘమును మంచి పలక ఫోటో ఒకటి, సరియైన ఫ్యూజులు నాలుగు దాచియుంచవలెను. వారమునకొకసారి ప్లగ్గు తీసి పీచు దులుపవలెను. రాగితీగ మాత్రము ఎవరును చుట్టవలదని మా విన్నపము.