పైన పటారం... లోన లొటారం! యాత్ర బండి లోపలి శుభ్రానికి ఒక రోజు కావాలి

యాత్రకు వెళ్లిన వ్యాను ఊరికి తిరిగి వచ్చిందంటే మొదట జరిగే పని నీళ్ల పైపు పట్టడం. చక్రాల బురద వదులుతుంది. అద్దాలు తళతళలాడతాయి. నిమ్మకాయలు, మిరపకాయలు గుచ్చిన కొత్త దండ ముందు వేలాడుతుంది. సాయంత్రానికల్లా మరో ఊరి వారు సామాన్లతో ఎక్కుతారు. బండి కదిలిన పది నిమిషాలకే ఒకామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటుంది. వెనక సీటులో పిల్లవాడు ఆగకుండా తుమ్ముతుంటాడు. కడిగిన బండే, కాని కడిగింది బయటే. లోపల మొన్నటి యాత్ర ఇంకా దిగలేదు.

12 నుంచి 20 మంది దాకా కూర్చునే వ్యాను మూడు నాలుగు రోజుల యాత్రలో ఉత్త బండిగా మిగలదు. పులిహోర పొట్లాలు విప్పేది అందులోనే. చంటిపిల్లలకు పాలు పట్టేదీ, తడిబట్టలు ఆరేసేదీ, రాత్రి కునుకు తీసేదీ అందులోనే. అది చక్రాల మీద నడిచే గది. పైగా ఏసీ కోసం కిటికీలు బిగించి ఉంచిన గది. సీట్లలో చేరిన దుమ్ము, బూజు, కంటికి కనపడని దుమ్ము పురుగులు ఆ గాలిలోనే తిరుగుతుంటాయి. ఉబ్బసం ఉన్నవారికి, పసిపిల్లలకు, ముసలివారికి దీనివల్ల ఆయాసం రావచ్చు. యాత్రికులు నాలుగు రోజులకు దిగిపోతారు. డ్రైవరు, క్లీనరు ఏడాది పొడుగునా ఆ గాలే పీల్చాలి.

ఏ యాత్రకు ఆ మురికి

లోపలి మురికి అంతా ఒకటే రకం కాదు. తిరుమల కొండకు రెండు ఘాట్ రోడ్లున్నాయి. మొదటిది 1944లో, రెండోది 1974లో వచ్చాయి. ఎక్కేటప్పుడైనా దిగేటప్పుడైనా వరస మలుపులకు కడుపులో తిప్పి వాంతులు చేసుకునేవారు ఉంటారు. రెండేళ్ల కొకసారి వచ్చే మేడారం జాతరకు బెల్లాన్ని ‘బంగారం’ అని మోసుకుపోతారు. దారిలో కరిగిన బెల్లం నేలకు అంటుకుని చీమలను పిలుస్తుంది. శబరిమల వెళ్లే స్వాముల ఇరుముడిలో నేతి కొబ్బరికాయ ఉంటుంది. అది కాస్త కారినా సీటు మీద నేతి మరక తప్పదు. 2015 గోదావరి పుష్కరాలు, 2016 కృష్ణా పుష్కరాలు రెండూ వానాకాలంలోనే వచ్చాయి. స్నానం చేసి తడిబట్టలతో ఎక్కితే సీటు స్పాంజి తడిసి బూజు పడుతుంది. ఏ యాత్రకు వెళ్లి వచ్చిందో తెలిస్తే లోపల ఎక్కడ ఏం వెతకాలో సగం తెలిసినట్టే.

ముందు పొడి పని

బండిని గాలి ఆడే చోట నిలిపి, ఇంజను ఆపి, తలుపులు, కిటికీలు బార్లా తెరవాలి. తినుబండారాల పొట్లాలు, సీసాలు, ఎండిన పూలు ముందుగా ఏరివేయాలి. కాలి పట్టాలు, కర్టెన్లు, సీటు తొడుగులు, దుప్పట్లు బయటికి తెచ్చి దులపాలి.

చీపురు పట్టే ముందు ఒక పని మరువరాదు. సీట్ల కింద ఎలుక పెంటికలు ఉన్నాయేమో చూడాలి. ఉంటే వాటిని పొడిగా ఊడ్చరాదు. ఊడిస్తే ఆ ధూళి ముక్కులోకి పోతుంది. ఎలుక మూత్రం తగిలిన తడి నుంచి ఎలుక జ్వరం సోకుతుంది. చేతి మీద చిన్న గీత ఉన్నా చాలు. బ్లీచింగ్ నీళ్లు చల్లి, అయిదు పది నిమిషాలు ఆగి, రబ్బరు తొడుగులు వేసుకుని పాత గుడ్డతో ఎత్తి పారేయాలి. లీటరు నీటికి 15 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపి, తేరిన తేట వాడితే సరిపోతుంది. ఇది రబ్బరు పట్టాలకు, రెక్సిన్ నేలకు మాత్రమే. సీటు గుడ్డ మీద పడితే రంగు పోతుంది. ఇనుము మీద నిలిస్తే తుప్పు పడుతుంది. అందుకే పని కాగానే మంచినీటి గుడ్డతో తుడవాలి.

తర్వాత పని పైనుంచి కిందికి సాగాలి. ముందు కప్పు, సామాన్ల అర, ఏసీ గాలి వచ్చే కంతలు, తర్వాత కిటికీ చట్రాలు, ఆ తర్వాత సీట్లు, చివర నేల. నేల ముందు ఊడ్చి కప్పు తర్వాత దులిపితే చేసిన పనే మళ్లీ చేయవలసి వస్తుంది. సీటుకూ వీపు ఆనుకునే భాగానికీ మధ్య సందులోనే ఎక్కువ చెత్త దాగుతుంది. దుమ్ము పీల్చే మిషను దొరికితే మంచిదే. లేకుంటే గట్టి కుచ్చు బ్రష్షు చాలు. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవడం మాత్రం తప్పనిసరి.

మరకను బట్టి మందు

వాంతి మరక మీద వెంటనే నీళ్లు పోస్తే అది స్పాంజి లోపలికి దిగుతుంది. ముందు పొడి మట్టి గాని, రంపపు పొట్టు గాని చల్లి, పీల్చుకున్నాక రేకు ముక్కతో ఎత్తివేయాలి. తర్వాత చన్నీటి గుడ్డ, ఆ తర్వాత సబ్బునీటి గుడ్డ. వేడినీళ్లు వాడితే మరక మరింత పట్టుకుంటుంది. తడి ఆరాక వంట సోడా చల్లి, రాత్రంతా ఉంచి, పొద్దున్నే దులిపితే వాసన తగ్గుతుంది. సెంటు కొట్టడం వల్ల వాసన పోదు, దాని మీద ఇంకో వాసన చేరుతుంది. కడుపులో తిప్పే వారికి ఆ ఘాటే వాంతి తెప్పిస్తుంది.

నెయ్యి, నూనె మరకలకు బియ్యప్పిండి చల్లి అరగంట ఉంచితే జిడ్డును పీలుస్తుంది. దాన్ని దులిపి కుంకుడు రసం నురగతో రుద్దాలి. ముందు ఎవరికీ కనపడని మూల కాస్త రుద్ది, రంగు పోవడం లేదని చూసుకోవాలి. బెల్లాన్ని గీకే పని లేదు. గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన గుడ్డ కాసేపు వేసి ఉంచితే కరిగి వచ్చేస్తుంది.

పసుపు మరకకు సబ్బు తగలగానే ఎర్రబడుతుంది. మరక పెరిగిందని కంగారు పడనక్కరలేదు. సబ్బులోని క్షారం తగిలితే పసుపు ఎరుపుకు తిరగడం దాని గుణం. పసుపులో సున్నం కలిపితే పారాణి అయ్యేదీ అందుకే. సబ్బుతో ఉతికి ఎండలో ఆరవేస్తే పసుపు మరక క్రమంగా వెలిసిపోతుంది.

పైపు నీళ్లు లోపలికి వద్దు

తొందరగా తెమిలిపోతుందని పైపు లోపలికే తిప్పేవారున్నారు. వ్యాను నేల మీద కనపడేది రెక్సిన్. దాని కింద చెక్క, చెక్క కింద రేకు ఉంటాయి. ఆ నీరు రెక్సిన్ కిందికి చేరితే త్వరగా ఆరదు. చెక్క ఉబ్బుతుంది, రేకుకు తుప్పు పడుతుంది. పట్టాల కింద కరెంటు తీగలు పోయే బళ్లలో వాటికీ ముప్పే. నీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతోనే తడి పని సాగాలి.

తుడవడం ఎంత ముఖ్యమో ఆరడం అంత ముఖ్యం. సీటును అరచేత్తో గట్టిగా నొక్కితే చల్లగా తగిలిందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే. ఎండ ఉంటే తలుపులు తెరిచి పూర్తిగా ఒక పూట ఆరనివ్వాలి. ముసురు పట్టిన రోజుల్లో ఫ్యాను పెట్టాలి. తడి సీటును తలుపులు మూసి ఉంచితే రెండు రోజుల్లో బూజు వాసన మొదలవుతుంది.

ఏసీ జల్లెడ సంగతి చాలామంది మరుస్తారు. దాన్ని ఊడదీసి దుమ్ము దులిపి, కడిగి, బాగా ఆరాకే బిగించాలి. సీట్ల మీద ఏసీ నీరు చుక్కలుగా పడుతుంటే ఆ నీరు బయటికి పోయే గొట్టం పూడిందేమో చూడాలి. లోపలి చల్లదనపు గొట్టాల జోలికి పోకుండా మెకానిక్కుకు వదిలేయడం మేలు.

ప్రాణం మీదికి తెచ్చే పనులు

శుభ్రం చేయబోయి ప్రాణం మీదికి తెచ్చుకునే పనులు మూడున్నాయి. మొదటిది, బ్లీచింగ్ పౌడరును, మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌ను కలపడం. రెండూ కలిస్తే క్లోరిన్ విషవాయువు పుడుతుంది. ఆరుబయటే ప్రమాదమైన ఆ వాయువు వ్యాను లోపల ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ఒకదానితో కడిగిన చోట రెండోది వాడనే కూడదు.

రెండోది, మరకలకు పెట్రోలు, థిన్నరు రుద్దడం. ఆ ఆవిరి లోపలే నిలుస్తుంది. ఒక స్విచ్చి నిప్పురవ్వ చాలు, అంటుకోవడానికి.

మూడోది, మూసిన షెడ్డులో ఇంజను నడుపుతూ, ఏసీ వేసుకుని లోపల పనిచేయడం, లేదా నిద్రపోవడం. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మగత వచ్చి మనిషి లేవలేని స్థితికి చేరతాడు.

చేతిలో గుడ్డ ఉన్నప్పుడే చూడవలసినవి

లోపల మూలమూలా తడిమేది శుభ్రం చేసే రోజునే. ఎలుకలు కొరికిన తీగలు, నల్లబడిన ఫ్యూజులు బయటపడేదీ ఆ రోజే. అత్యవసర ద్వారం తెరిచి చూడాలి. దానికి అడ్డంగా అదనపు సీటు గాని, సామాను గాని ఉంటే తీసేయాలి. అద్దం పగలగొట్టే సుత్తి దాని చోట ఉందా, మంటలార్పే సిలిండరు ముల్లు ఆకుపచ్చ భాగంలో ఉందా అన్నది చూడాలి. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం వద్ద బస్సుకు నిప్పంటుకుని 45 మంది మరణించారు. కదిలే గదికి మంట అంటుకుంటే బయటపడడానికి ఎంత తక్కువ వ్యవధి దొరుకుతుందో ఆ దుర్ఘటన చూపింది. తెరుచుకోని తలుపు ఉన్న బండి ఎంత తుడిచినా శుభ్రమైనట్టు కాదు.

పని క్లీనరుది, బాధ్యత అందరిది

క్లీనరు అన్న పేరులోనే ఆ పని ఉంది. కాని నాలుగు రాత్రులు నిద్ర లేక దిగిన మనిషికి గంటసేపు గడువిచ్చి, మళ్లీ బాడుగ ఉంది తెమలమంటే పైపు పట్టక ఏం చేస్తాడు? సీజనులో ఒక రోజు బండి నిలిపితే బాడుగ పోతుందన్నది యజమానుల బాధ. అది కనపడే నష్టం. స్పాంజి కుళ్లడం, రేకు తుప్పు పట్టడం, ఒకసారి ఎక్కినవారు రెండోసారి పిలవకపోవడం కనపడని నష్టం. రెండు యాత్రల మధ్య ఒక రోజు విడిచిపెట్టి, ఆ రోజుకు కూలి, ముక్కు గుడ్డ, చేతి తొడుగులు ఇస్తే బండీ నిలుస్తుంది, మనిషీ నిలుస్తాడు.

యాత్రికులూ కొంత చేయవచ్చు. వాంతుల కోసం సంచులు, చెత్తకు ఒక గోనె, తడిబట్టలకు మూత ఉన్న బకెట్టు వెంట తీసుకుపోతే సగం మురికి సీటు దాకా రాదు. అడ్వాన్సు ఇచ్చే ముందు బయటి రంగు చూసి మురిసిపోకుండా, తలుపులు మూసి ఒక్క నిమిషం లోపల కూర్చుని వాసన చూడాలి. కాలి పట్టా ఎత్తి చూడాలి. సీటు నొక్కి చూడాలి. వెనక ద్వారం తీయమని అడగాలి. నలుగురు అడిగితే అయిదో బాడుగకు బండి దానంతట అదే శుభ్రంగా వస్తుంది.