ఆ ఆక్టోపస్ మనది కాదు: సైనికుల ప్యాచ్‌ల వెనక నవ్వు, గుట్టు

వీడియో చూసే తీరిక లేనివాళ్ళ కోసం ఎప్పటిలాగే ఈ ఎపిసోడ్‌ని ఇక్కడ రాతలో పెడుతున్నాను. తడబాట్లు తీసేశాను, మిగతాది చెప్పింది చెప్పినట్టే ఉంటుంది.

మొన్న బడంగ్‌పేట్‌లో మా వీధి చివర టీ కొట్టు దగ్గర ఒక ఇంజనీరింగ్ కుర్రాడు కనిపించాడు. బ్యాగు మీద గుండ్రటి ప్యాచ్, వెల్క్రోతో అంటించేది. భూగోళం మీద ఎక్కి కూర్చుని, కాళ్ళన్నీ చాపి పట్టుకున్న ఆక్టోపస్ బొమ్మ. ఇదేంటి తమ్ముడూ అని అడిగా. "మన ఆక్టోపస్ కమాండోలది అన్నా, ఇబ్రహీంపట్నంలో ఉంటారు కదా" అన్నాడు గర్వంగా. ఆన్‌లైన్‌లో కొన్నాడట.

వాడి తప్పేం లేదు. ఉగ్రవాదులను ఎదుర్కోవడానికి 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పెట్టిన పోలీసు దళం పేరు నిజంగానే ఆక్టోపస్. ఆర్గనైజేషన్ ఫర్ కౌంటర్ టెర్రరిస్ట్ ఆపరేషన్స్ అన్నదానికి పొట్టి పేరు అంటారు. ఒక్కో అక్షరం పెట్టి లెక్కేసి చూడండి, చివర్లో ఉన్న 'యు, ఎస్' ఎక్కడి నుంచి వచ్చాయో మీకే నవ్వొస్తుంది. పేరు ముందు తట్టి, దానికి తగ్గట్టు విస్తరణ తర్వాత కుట్టినట్టు ఉంటుంది. అది వేరే సంగతి.

కుర్రాడి బ్యాగు మీదున్న ఆక్టోపస్ మాత్రం మనది కాదు. అది అమెరికా గూఢచారి ఉపగ్రహాల సంస్థ ఎన్ఆర్ఓది. 2013 డిసెంబర్ 5న వాండెన్‌బర్గ్ నుంచి ఎగిరిన ఎన్ఆర్ఓఎల్-39 అనే రహస్య ప్రయోగం ప్యాచ్. కింద ఇంగ్లీషులో 'మాకు అందనిది ఏదీ లేదు' అని రాసుంటుంది. స్నోడెన్ వచ్చి, అమెరికా ప్రపంచం మొత్తం ఫోన్లూ మెయిళ్ళూ తోడేస్తోందని బయటపెట్టింది ఆ ఏడాది జూన్‌లోనే. ఆ వేడి చల్లారకముందే ఈ బొమ్మ బయటికొచ్చింది. జనం ఊరుకుంటారా? సిగ్గు లేకుండా ఒప్పుకున్నారు చూడండి అని దుమ్మెత్తిపోశారు.

తర్వాత సమాచార చట్టం కింద కాగితాలు తెప్పిస్తే అసలు కథ తెలిసింది. ఉపగ్రహాన్ని పరీక్షించేటప్పుడు ఒక వైర్ల కట్ట ఇంజనీర్లను బాగా సతాయించిందట. చాలా కొసలున్న ఆ కట్టని వాళ్ళు 'ఆక్టోపస్ హార్నెస్' అనుకునేవాళ్ళు. ప్యాచ్ మీదికెక్కింది ఆ వైర్ల కట్టే! ప్రపంచాన్ని మింగే రాక్షసి అని మనం అనుకున్నది, లోపలివాళ్ళకి నిద్ర లేకుండా చేసిన కేబుల్ మీద జోకు. ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పదలుచుకున్నది ఇక్కడే ఉంది: ప్యాచ్‌కి లోపల ఒక అర్థం, బయట ఇంకో అర్థం. బొమ్మ ఒకటే.

మరి ప్యాచ్‌లన్నీ ఇంతేనా? కాదు. అధికారిక చిహ్నం అని ఒకటుంటుంది, దానికి లెక్కాపత్రం ఉంటుంది, పైవాళ్ళ ఆమోదం కావాలి. దానికి మన హైదరాబాద్ కథే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918లో, బ్రిటిష్ వాళ్ళ 110వ స్క్వాడ్రన్‌కి విమానాలు కొనిచ్చింది మన నిజాం. అందుకే దాని పేరులో 'హైదరాబాద్' అని చేరింది, చిహ్నంలో పులి వచ్చింది. 152వ స్క్వాడ్రన్‌ది ఇంకా ముచ్చటగా ఉంటుంది. దాని చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగా, దస్తార్. కింద 'నమ్మకమైన మిత్రుడు' అని. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండ్ ఆకాశంలో జర్మన్లతో కొట్లాడిన స్పిట్‌ఫైర్ స్క్వాడ్రన్‌కి గుర్తు మన హైదరాబాదీ దస్తార్ అంటే, మా చార్మినార్ దోస్తులు మీసం తిప్పుతారు.

అయితే అదే 152 బర్మా వెళ్ళాక ఏం చేసిందో చూడండి. స్పిట్‌ఫైర్ల పక్కన ఉండే గుండ్రటి గుర్తు మీద అడ్డంగా దూకుతున్న నల్ల చిరుతని వేసుకున్నారు. కాగితం మీద దస్తార్, విమానం మీద చిరుత. దస్తార్ డబ్బిచ్చినవాళ్ళకి దండం. చిరుత మాత్రం తమకోసం తాము వేసుకున్నది. అనధికార ప్యాచ్ పుట్టేది ఈ రెండిటి మధ్య ఖాళీలోనే.

ఇక రహస్య దళాలకొస్తే ఈ సరదా ముదిరింది. ట్రెవర్ పాగ్లెన్ అనే అమెరికన్ కళాకారుడు, భూగోళ శాస్త్రం చదివినవాడు, ఇలాంటి ప్యాచ్‌లన్నీ పోగేసి 2007లో పుస్తకం వేశాడు. పుస్తకం పేరే ఒక ప్యాచ్ మీది లాటిన్ మాట: 'నీకు చెప్పొచ్చు, కానీ చెప్పాక నిన్ను లేపేయాల్సొస్తుంది' అనే అర్థం. చాలావాటిలో మాంత్రికులు ఉంటారు, ఎందుకంటే మాయం చేయడమే వాళ్ళ పని. నక్షత్రాలు అయిదు ఒక పక్కన, ఒకటి విడిగా ఉంటే, అయిదూ ఒకటీ... ఏరియా 51 అని చదువుకోవాలి. పేరు పలకకూడదు కాబట్టి లెక్కపెట్టిస్తారు.

నాకు బాగా నచ్చింది బి-2 విమానాలు నడిపే 509వ బాంబర్ దళానిది. ఒక గ్రహాంతరవాసి, బి-2 విమానాన్ని నోటికి అందిస్తున్నట్టు బొమ్మ. కింద లాటిన్‌లాంటి లాటిన్‌లో 'కోడి కూర రుచే' అని. ఇందులో మూడు పొరలున్నాయి. 1947లో ఎగిరే పళ్ళెం కూలిందని గోల లేచిన రోజ్‌వెల్‌లో అప్పుడు ఉన్న దళం ఈ 509నే. అందుకు గ్రహాంతరవాసి. రెండోది, ప్యాచ్ మీద 'టు సర్వ్ మ్యాన్' అని ఉంటుంది. అది 1962 నాటి ఒక టీవీ ఎపిసోడ్ పేరు. గ్రహాంతరవాసులు తెచ్చిన పుస్తకం పేరు 'మనిషికి వడ్డించడం' అనుకుంటారు జనం, చివర్లో తెలుస్తుంది అది 'మనిషిని వడ్డించడం' అని. ఒక్క విభక్తి మారితే ప్రాణం పోయింది చూశారా! మూడోది, కొత్త వంటకం ఏది తిన్నా కోడి రుచే అనే అమెరికా వాళ్ళ పాత జోకు. ఇన్ని పొరలు విప్పాక కూడా ఆ దళం ఏం పరీక్షించిందో మీకు ఒక్క ముక్క తెలియదు. అంతా చెప్పినట్టే ఉంటుంది, ఏమీ చెప్పరు.

ఎందుకీ కోతి చేష్టలు అని కొందరికి అనిపించొచ్చు. మా బడంగ్‌పేట్‌లో ఉంటే అలా అనిపించదు. పక్కనే ఇమారత్‌లో ఆర్సీఐ, అటు కంచన్‌బాగ్‌లో డీఆర్‌డీఎల్, బీడీఎల్. మా కాలనీల్లో పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి సాయంత్రం దిగేవాళ్ళు బోలెడు మంది. ఏం పని సార్ అంటే "ఏదో గవర్నమెంట్ పనండీ" అంటారు. కొడుక్కి కూడా అంతే చెప్తారు. మా వీధిలో ఒక పెద్దాయన, టీవీలో మిసైల్ ప్రయోగం సక్సెస్ అని వచ్చిన కొన్ని రోజుల్లో జిలేబీలు పంచేవాడు. అన్నిసార్లూ కాదు, కొన్నిసార్లే. ఎందుకు సార్ అంటే "ఊరికే, తినాలనిపించింది" అనేవాడు. ముప్పై ఏళ్ళు చేసిన పని గురించి ఆయన బయట మాట్లాడిన మాట ఆ జిలేబీ ఒక్కటే. ప్యాచ్ కూడా అలాంటిదే. కష్టం చెప్పుకోకూడదు, గెలుపు చెప్పుకోకూడదు, నవ్వుకోవడానికి మాత్రం అడ్డు లేదు.

కాకపోతే జిలేబీ రుచి చూసి వంటింట్లో ఏం వండారో కనిపెట్టేవాళ్ళు ఉంటారు. 2000 ఆగస్టులో ఎగిరిన ఎన్ఆర్ఓఎల్-11 ప్యాచ్ మీద గుడ్లగూబ కళ్ళు, 'రాత్రి మాదే' అనే మాట, భూగోళం మీద గీతలు ఉన్నాయి. కెనడాలో సరదాగా ఉపగ్రహాలను గమనించే టెడ్ మోల్చాన్ ఆ గీతలు కక్ష్యలని పట్టేశాడు. చీకట్లోనూ మబ్బుల్లోంచీ చూసే రాడార్ ఉపగ్రహం అని తేల్చాడు. కోట్ల డాలర్ల గుట్టు, దారప్పోగులో దొరికిపోయింది.

ఇప్పుడు మన దేశానికొద్దాం. 2019 ఫిబ్రవరి 27న, బాలాకోట్ మర్నాడు, సరిహద్దులో జరిగిన విమానాల పోరు గుర్తుందిగా. కొద్ది నెలలకి అభినందన్ వర్ధమాన్ ఉన్న 51వ స్క్వాడ్రన్‌వాళ్ళ చేతుల మీద కొత్త ప్యాచ్ కనబడింది. ముందు మిగ్-21, వెనక ఎర్రటి ఎఫ్-16, 'ఫాల్కన్ స్లేయర్స్' అని రాత. ఎఫ్-16కి ఫాల్కన్ అనే పేరుంది, డేగని కొట్టినవాళ్ళం అని. సుఖోయ్ వాళ్ళది ఇంకోటి, 'అమ్రామ్ డాడ్జర్స్'. పాకిస్తాన్ వేసిన అమ్రామ్ క్షిపణుల్ని తప్పించుకున్నవాళ్ళం అని. నిజం చెప్పాలంటే నాకు రెండోదే ఇష్టం. చంపాం అని కాదు, దొరకలేదు అని చెప్పుకోవడంలో గల్లీ క్రికెట్ నవ్వుంది.

ఎఫ్-16 కూలిందని మన ప్రభుత్వం అంటుంది, అభినందన్‌కి వీరచక్ర ఇచ్చింది. కూలలేదని పాకిస్తాన్ అంటుంది. వాళ్ళ వైమానిక దళం కరాచీ మ్యూజియంలో అభినందన్ బొమ్మని, టీ కప్పుతో సహా పెట్టుకుంది. అంటే ఒకే రోజుకి రెండు దేశాలూ రెండు జోకులు కుట్టుకున్నాయి.

ఆ రోజే బడ్గామ్‌లో మన మి-17 హెలికాప్టర్ ఒకటి కూలింది. మన క్షిపణే పొరపాటున తగిలింది. మన వైమానిక దళం వాళ్ళు ఆరుగురు, కింద ఒక స్థానికుడు చనిపోయారు. అది పెద్ద తప్పని ఆ అక్టోబర్‌లో వైమానిక దళాధిపతి భదౌరియానే ఒప్పుకున్నారు. నేను చూసిన ఏ దుకాణంలోనూ దానికి ప్యాచ్ లేదు. ఉండదు కూడా, ఎలా ఉంటుంది? అందుకే ప్యాచ్‌లు చూసి ఆ రోజు చరిత్ర చదివానని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అవి సగమే చెప్తాయి, నవ్వగలిగిన సగం.

వెళ్ళేముందు కొనేవాళ్ళకి ఒక మాట. సరదాగా బ్యాగుకి పెట్టుకుంటే ఎవరూ ఏమీ అనరు. సైనికుడు కానివాడు, తనని సైనికుడే అనుకోవాలనే ఉద్దేశంతో ఆ దుస్తులో, గుర్తులో వేసుకుంటే మాత్రం నేరం. పాత ఐపీసీలో 140, ఇప్పటి న్యాయ సంహితలో 168, మూడు నెలల దాకా జైలు. ఆర్సీఐ గేటు పరిసరాల్లో అయితే సరదా కూడా వద్దు, అక్కడ సెక్యూరిటీ వాళ్ళకి మీ జోకు అర్థం కాకపోవచ్చు.

కుర్రాడికి ఇదంతా టీ తాగుతూ చెప్పా. బ్యాగు తిప్పి ఆ ఆక్టోపస్‌ని కాసేపు చూసుకున్నాడు. "అంటే ఇది వైర్ల కట్టనా అన్నా?" అన్నాడు. అవును. "సరే, మరి మనోళ్ళ ప్యాచ్ ఎక్కడ దొరుకుద్ది?"

దొరక్కపోతేనే మంచిది తమ్ముడూ అన్నా. టీ డబ్బులు వాడే ఇచ్చాడు.

వచ్చే వారం కలుద్దాం.