ఇంజిన్ ఎప్పుడు అరుగుతుంది?

పాత కారు కొనడానికి వెళ్లిన మనిషి ముందుగా వంగి చూసేది మీటరునే. లక్ష దాటిందా లేదా అన్నదాని మీదే బేరం మొదలవుతుంది. అమ్మేవాళ్లలో కొందరు మీటరు వెనక్కి తిప్పడానికి తెగించేది కూడా ఆ అంకెకు మనం ఇచ్చే విలువ చూసే. అంత విలువ దానికి తగదన్నది నా వాదన. ఇంజిన్ ఎంత మిగిలి ఉందో తెలియాలంటే అది తిరిగిన దూరం కాక, లోపల లోహం లోహాన్ని ఎన్నిసార్లు తాకిందో తెలియాలి. ఈ రెండు లెక్కలూ కలిసి పెరగాలని ఏమీ లేదు. ఏళ్ల తరబడి ఇంటికీ కూరల మార్కెట్‌కూ మధ్య మాత్రమే తిరిగిన 40 వేల కిలోమీటర్ల కారు ఇంజిన్, రోజూ విజయవాడ, హైదరాబాద్ మధ్య పరిగెత్తిన 2 లక్షల కిలోమీటర్ల కారు ఇంజిన్ కంటే ఎక్కువ అరిగి ఉండటం పూర్తిగా సాధ్యమే.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. 2 లక్షల కిలోమీటర్లు తిరిగిన కారుకు ఊళ్లోనూ హైవే మీదా కలిపి సగటు వేగం గంటకు 40 కిలోమీటర్లు అనుకుంటే, ఇంజిన్ పనిచేసింది 5,000 గంటలు. నిమిషానికి 2,000 చుట్ల చొప్పున క్రాంక్‌షాఫ్ట్ 60 కోట్ల సార్లు తిరిగింది. ఒక్కో చుట్టుకు సిలిండర్ గోడ నుంచి ఒకే ఒక్క ఇనుప పరమాణువు మందం పోయిందనుకోండి. మిల్లీమీటరు పొడవునా అలాంటి పరమాణువులు సుమారు 40 లక్షలు పడతాయి. ఆ చొప్పున 15 సెంటీమీటర్ల ఇనుము మాయమైపోవాలి. సిలిండర్ గోడ మందం అందులో పదో వంతు కూడా ఉండదు. వాస్తవంలో మెకానిక్ ‘ఇంజిన్ బోరుకొచ్చింది’ అని తేల్చే నాటికి గోడ అరిగేది మిల్లీమీటరులో పదో వంతో, ఐదో వంతో. అంటే లెక్కకు వచ్చినదానిలో దాదాపు వెయ్యో వంతు. పరిగెడుతున్న ఇంజిన్‌లో దాదాపు ఎప్పుడూ లోహం లోహాన్ని తాకడం లేదని దీన్నిబట్టే తెలుస్తుంది. మధ్యలో వెంట్రుక మందంలో చిన్న భాగం మాత్రమే ఉండే ఆయిల్ పొర ఉంది. అంత పలచని పొర, ఎవరూ పట్టుకోకుండా, పేలుళ్ల బరువును ఎలా మోస్తుందన్నదే యంత్రాల చరిత్రలో నాకు తెలిసిన అందమైన ప్రశ్నల్లో ఒకటి.

దానికి జవాబు మోటారు కార్లు పుట్టకముందే, రైలు ఇరుసుల దగ్గర దొరికింది. ఇంగ్లండ్‌లో ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ మెకానికల్ ఇంజినీర్స్ రాపిడి మీద పరిశోధించే పనిని బీచమ్ టవర్ అనే ఇంజినీరుకు అప్పగించింది. ఆయన 4 అంగుళాల వ్యాసం ఉన్న ఇరుసు మీద ఇత్తడి బేరింగును కూర్చోబెట్టి, దాని మీద బరువు వేసి, ఇరుసు అడుగు భాగం ఆయిల్‌లో మునిగేలా అమర్చి తిప్పాడు. తర్వాత పైనుంచి కూడా ఆయిల్ పోద్దామని బేరింగు నెత్తిన ఒక రంధ్రం చేశాడు. ఇరుసు తిరగడం మొదలవగానే, పైనుంచి లోపలికి పోవాల్సిన ఆయిల్ ఆ రంధ్రంలోంచి బయటికి ఉబికింది. బెండు బిరడా బిగిస్తే దాన్ని నెట్టేసింది. చెక్క మేకు కొడితే దాన్నీ నెట్టేసింది. చివరికి అక్కడ ప్రెజర్ గేజ్ పెడితే ముల్లు చదరపు అంగుళానికి 200 పౌండ్ల దగ్గర ఉన్న గేజ్ చివరి గీతనూ దాటిపోయింది. బేరింగు మీద ఆయన వేసిన సగటు భారం చదరపు అంగుళానికి 100 పౌండ్లే. ఆ పీడనాన్ని ఏ పంపూ పుట్టించలేదు, అక్కడ అసలు పంపే లేదు. తిరిగే ఇరుసే తన చుట్టూ ఉన్న ఆయిల్‌ను లాక్కుని, తన మీది బరువును తానే ఎత్తుకుంటోంది. 1883లో టవర్ ఈ ఫలితాలు వెల్లడించాడు. బిరడా ఊడిపోతే ఆయిల్ తుడిచేసి ఇంకో బిరడా వెతికేవాళ్లే ఎక్కువ. టవర్ అక్కడ గేజ్ పెట్టాడు.

దీని వెనకున్న గణితాన్ని మాంచెస్టర్ ప్రొఫెసర్ ఆస్‌బోర్న్ రెనాల్డ్స్ 1886లో రాశాడు. ఇరుసు బేరింగులో సరిగ్గా నడిమధ్యన ఉండదు, బరువుకు ఒక పక్కకు జరిగి ఉంటుంది. అందువల్ల రెండింటి మధ్య ఖాళీ ఒకచోట వెడల్పుగా, ఒకచోట సన్నగా, మేకు ఆకారంలో ఉంటుంది. ఆయిల్‌కున్న జిగట వల్ల తిరిగే ఇరుసు దాన్ని వెడల్పు వైపు నుంచి సన్నటి వైపుకు ఈడ్చుకుపోతుంది. సందు సన్నబడే కొద్దీ ఆయిల్‌కు చోటు చాలదు, పక్కలకు తప్పించుకునే వ్యవధీ ఉండదు. పీడనం పెరిగి ఇరుసును పైకి తేలుస్తుంది. వాన నీళ్లు నిలిచిన రోడ్డు మీద వేగంగా పోయే టైరు రోడ్డును వదిలి నీటి మీద తేలేదీ ఈ సూత్రంతోనే. అక్కడ ప్రాణం తీసే పని ఇక్కడ ప్రాణం నిలుపుతుంది. కారు ఇంజిన్‌లో ఆయిల్ పంపు ఇచ్చే పీడనం మూడు నాలుగు అట్మాస్ఫియర్లే. పెట్రోలు మండినప్పుడు కనెక్టింగ్ రాడ్ బేరింగులోని పొర తట్టుకునే పీడనం వందల అట్మాస్ఫియర్లు. పంపు పని ఆయిల్‌ను అక్కడికి చేర్చడం వరకే. మోసేది క్రాంక్‌షాఫ్ట్ తిరుగుడే.

రెనాల్డ్స్ సమీకరణంలో వేగం సున్నా అయితే పొర కూడా సున్నా. ఇంజిన్ ఆగిన కాసేపటికి క్రాంక్‌షాఫ్ట్ మెల్లగా దిగి బేరింగు మీద కూర్చుంటుంది. మళ్లీ సెల్ఫ్ కొట్టినప్పుడు మొదటి కొన్ని చుట్లు లోహం మీద లోహమే నడుస్తుంది. సిలిండర్‌లో ఈ కథ ఇంకా కఠినం. పిస్టన్ నడిమధ్యన వేగంగా జారేటప్పుడు రింగుల కింద పొర ఉంటుంది. పైకొసకు చేరి, ఆగి, వెనక్కి తిరిగే క్షణంలో వేగం సున్నా. దాదాపు ఆ చోటే, ఆ వెంటనే మంట వేడి, పీడనం గరిష్ఠానికి చేరతాయి. అందుకే ఏ పాత ఇంజిన్ విప్పి చూసినా బోరు పైభాగంలోనే అరుగుదల ఎక్కువ. రింగు చేరని అంచు మాత్రం మెట్టులా మిగిలి వేలికి తగులుతుంది. 1930లలో బ్రిటన్‌లో సి.జి. విలియమ్స్ చేసిన పరిశోధనలు దీనికి మరో పొర జోడించాయి. సిలిండర్ గోడలు చల్లగా ఉన్నప్పుడు అరుగుదల ఒక్కసారిగా పెరుగుతుందని, దానికి పెద్ద కారణం రాపిడి కంటే తుప్పేనని ఆయన చూపించాడు. ఇంధనం మండితే వచ్చే నీటి ఆవిరి చల్లటి గోడ మీద చెమ్మగా పేరుకుని, ఆమ్లాలను కలుపుకుని, లోహాన్ని తింటుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కితే ఆ చెమ్మ నిలవదు. రెండు కిలోమీటర్లు పోయి ఆగి, మళ్లీ రెండు కిలోమీటర్లు పోయే కారు జీవితమంతా ఆ చెమ్మలోనే గడుపుతుంది. మీటరు మీద అంకె మాత్రం ముచ్చటగా తక్కువ ఉంటుంది.

అమెరికాలో లాంగ్ ఐలాండ్‌కు చెందిన ఇర్వ్ గోర్డన్ అనే సైన్సు టీచరు 1966లో కొన్న ఎర్రటి వోల్వో పి1800 దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ. ఆయన బడికి వెళ్లి రావడానికే రోజుకు 125 మైళ్లు, అంటే 200 కిలోమీటర్లు. ఆ 1.8 లీటర్ల ఇంజిన్‌ను మొదటిసారి విప్పి బాగుచేసింది 6,80,000 మైళ్ల దగ్గర. మన లెక్కలో దాదాపు 11 లక్షల కిలోమీటర్లు. 2013లో ఆ కారు 30 లక్షల మైళ్లు దాటింది. ఒక్క కారును చూపించి సూత్రం కట్టకూడదన్న అభ్యంతరం న్యాయమైనదే. చెడిపోయిన వేల కార్ల గురించి ఎవరూ రాయరు. పైగా ఇలాంటి రికార్డులు జాగ్రత్తగా చదవాలి. గ్రీస్ టాక్సీ డ్రైవరు గ్రెగోరియోస్ సచినిడిస్ తన 1976 నాటి మెర్సిడెస్ 240డి మీద 46 లక్షల కిలోమీటర్లు తిరిగాడు, కానీ ఇంజిన్లను మార్చి మార్చి వేసుకుంటూ. గోర్డన్ కారు కూడా 30 లక్షల మైళ్లూ ఒకే బోరింగ్‌తో రాలేదు. నేను గోర్డన్ కారును సాక్ష్యంగా తీసుకునేది ఆ చివరి అంకె కోసం కాదు. మామూలు కంపెనీ ఇంజిన్, ప్రత్యేకమైన లోహమేమీ లేనిది, రోజుకు ఒకటి రెండు సార్లే చల్లగా స్టార్ట్ అయి గంటల కొద్దీ వేడిగా నడిచి, వేళకు ఆయిల్ మార్చుకుంటూ ఉంటే మొదటి విప్పుడు దాకా 11 లక్షల కిలోమీటర్లు వచ్చింది. మన ఊళ్లలో టాక్సీలు, లారీలు సొంత కార్ల కంటే ఎన్నో రెట్లు తిరిగి కూడా నిలబడటంలో ఉన్న రహస్యం ఇదే. వాటి ఇంజిన్లకు చల్లబడే తీరికే దొరకదు.

‘పాతకాలం ఇనుము గట్టిది, ఇప్పటివన్నీ రేకు డబ్బాలు’ అన్న మాట షెడ్డుల్లో తరచూ వినిపిస్తుంది. ఇంజిన్ విషయంలో సాక్ష్యం దీనికి ఎదురుగా ఉంది. 1960లు, 70లలో అమెరికన్ కార్ల మీటర్లలో చాలావాటికి ఐదంకెలే. 99,999 మైళ్లు దాటితే మళ్లీ సున్నా. ఆరో అంకె అవసరం సామాన్యంగా రాదనే తయారీదారుల అంచనా. అంబాసిడర్‌లో పెట్టిన 1489 సీసీ బ్రిటిష్ ఇంజిన్ మొండిది, నిజమే. కానీ దాని మొండితనం అరగకపోవడంలో లేదు, అరిగినా బాగుచేసే వీలులో ఉంది: బోరు పెంచి ఓవర్‌సైజ్ పిస్టన్ వేసి, క్రాంక్ గ్రైండ్ చేయించి, చిన్న పట్టణం లేతు షాపులోనే మళ్లీ నిలబెట్టేవాళ్లు. ఆ మెకానిక్‌ల నైపుణ్యాన్ని ఇనుము ఖాతాలో వేయడం వాళ్లకు అన్యాయం. కార్బురేటర్ ఇంజిన్‌లో చోక్ లాగితే ఎక్కువైన పెట్రోలు సిలిండర్ గోడ మీది ఆయిల్‌ను కడిగేసేది. ఇంధనాన్ని కొలిచి చిమ్మే ఇంజెక్షన్ వచ్చాక ఆ కడుగుడు బాగా తగ్గింది. సీసం కలిపిన పెట్రోలు పోవడంతో ఆయిల్‌లోకి చేరే మడ్డీ తగ్గింది. మన దేశమంతటా ఆ పెట్రోలు అమ్మకం 2000 సంవత్సరంలో ఆగిపోయింది. ఆయిల్‌లోనూ 1940ల నుంచి జింకు, భాస్వరం ఉన్న సమ్మేళనం కలుపుతున్నారు. పొర తెగి లోహాలు రాసుకున్నచోటే అది గాజులాంటి పూతగా పేరుకుని, లోహానికి బదులు తాను అరుగుతుంది. రెనాల్డ్స్ పొర లేని క్షణాల కోసం పెట్టిన కాపలా అది.

ఎన్ని కోట్ల దెబ్బలు తిన్నా లోహం అలిసిపోదా అన్నది ఇంకా బలమైన అభ్యంతరం. 19వ శతాబ్దంలోనే జర్మనీలో ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసుల మీద దీన్ని పరీక్షించాడు. ఉక్కులో ఒక హద్దుకు లోబడి ఒత్తిడి ఉంటే, ఎన్ని లక్షల సార్లు వంచినా అది విరగదని తేలింది. క్రాంక్‌షాఫ్ట్‌నూ కనెక్టింగ్ రాడ్‌లనూ ఆ హద్దుకు బాగా కిందనే ఉండేలా గీస్తారు. అల్యూమినియానికి అంత స్పష్టమైన హద్దు లేదు, అందుకే దాన్ని మరింత మందంగా వాడతారు. కాబట్టి క్యాలెండరు ఉక్కును ముట్టదు. రబ్బరును మాత్రం ముడుతుంది. హోసు పైపులు, ఆయిల్ సీళ్లు, టైమింగ్ బెల్టు కారు షెడ్డులో ఊరికే నిలబడి ఉన్నా ఎండిపోతాయి. ఇరవై ఏళ్ల కారులో ఇంజిన్ సీజ్ అయిందంటే కారణం అరుగుదల కాక, పగిలిన ఒక పైపులోంచి కూలెంట్ కారిపోయి ఇంజిన్ మాడిపోవడమే కావచ్చు. సొంత కారు రిజిస్ట్రేషన్‌కు చట్టం పెట్టిన 15 ఏళ్ల గడువు కాగితానికి వర్తించేది. ఇంజిన్ లోపల ఆ అంకెకు ఏ అర్థమూ లేదు.

గేర్‌బాక్స్ సంగతి వేరు, అది ఇంజిన్ కంటే అదృష్టవంతురాలు. మంట లేదు, మసి లేదు, ఆమ్లం లేదు. గేరు పళ్లు కలిసే చోట పీడనం పది వేల అట్మాస్ఫియర్ల స్థాయికి పోతుంది. రెనాల్డ్స్ లెక్క ప్రకారం అక్కడ పొర నిలవకూడదు, అయినా నిలుస్తుంది. అంత పీడనంలో ఆయిల్ దాదాపు ఘనపదార్థంలా గట్టిపడుతుంది, ఉక్కు పళ్లే కాస్త నొక్కుకుని దానికి చోటిస్తాయి. దీన్ని సోవియట్ యూనియన్‌లో గ్రూబిన్, తర్వాత లీడ్స్‌లో డౌసన్, హిగిన్‌సన్ లెక్క కట్టి చూపారు. కాబట్టి మాన్యువల్ గేర్‌బాక్స్‌లో పళ్లు అరగడం అరుదు. అరిగేవి గేరు మార్చేటప్పుడు వేగాలను సరిచూసే ఇత్తడి సింక్రో రింగులు. వాటికి తగని గేర్ ఆయిల్ పోస్తే, పళ్లను కాపాడటానికి కలిపిన గంధకమే ఇత్తడిని తినేస్తుంది. క్లచ్ ప్లేటు ఎలాగూ అరగడానికే పెట్టినది, దాన్ని గేర్‌బాక్స్ ఆయుష్షులో లెక్కించకూడదు.

ఆ సింక్రోమెష్‌ను 1928లో కాడిలాక్ కార్లకు అందించిన ఎర్ల్ థామ్సన్, పన్నెండేళ్లు తిరక్కముందే ఓల్డ్స్‌మొబైల్‌కు, పెద్ద ఎత్తున తయారైన మొదటి పూర్తి ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అయిన హైడ్రామాటిక్‌ను రూపొందించాడు. అక్కడితో ఆయిల్ మీద పడ్డ బరువు మారిపోయింది. ఆటోమేటిక్‌లోని ద్రవం బేరింగుల్లో జారాలి, క్లచ్ ప్లేట్ల మధ్య పట్టు ఇవ్వాలి, వాల్వులను కదిలించాలి, టార్క్ కన్వర్టర్‌లో శక్తిని మోయాలి. ఇన్ని పనుల్లో వేడి పుడుతుంది; వేడికి ఆ ద్రవంలోని రసాయనాలు విరిగిపోతాయి; అవి విరిగితే ప్లేట్లు జారి ఇంకా వేడి పుడుతుంది. ‘జీవితాంతం మార్చనక్కర్లేదు’ అని కొన్ని కంపెనీలు చెప్పే ద్రవానికీ ఇదే రసాయన శాస్త్రం వర్తిస్తుంది, అందుకని ఆ మాటను నేను నమ్మను. డిప్‌స్టిక్ ఉన్న పాత ఆటోమేటిక్‌లో దాన్ని తీసి చూస్తే చాలు. ఎర్రగా ఉండాల్సిన ద్రవం గోధుమ రంగుకు తిరిగి మాడు వాసన వేస్తుంటే, ప్లేట్ల మీది రాపిడి పొర అప్పటికే అందులో కలిసిపోయి ఉంటుంది. కొత్త ద్రవం పోసినంత మాత్రాన ఆ పొర తిరిగి రాదు, గేర్‌బాక్స్ దించి ప్లేట్లు మార్చాల్సిందే.