జిల్లా గీత, నీటి దారి

ప్రకృతి విపత్తుల ముప్పును లెక్కగట్టే పనికి మన దేశంలో చట్టం నిర్దేశించిన కొలమానం జిల్లా. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాలోనూ కలెక్టర్ అధ్యక్షతన ఒక ప్రాధికార సంస్థ ఉండాలి; ఏ ప్రాంతాలు ఏ విపత్తుకు లోనయ్యే అవకాశం ఉందో అది గుర్తించి, జిల్లా ప్రణాళికలో నమోదు చేయాలి. అయితే హైదరాబాద్‌లోని మాదన్నపేట వంటి పాతబస్తీ పేటకు ఈ జిల్లా లెక్క ఎంతవరకు సరిపోతుందన్నది వేరే ప్రశ్న.

ముప్పు అంటే కేవలం వాన, భూకంపం కాదు. విపత్తు ఎంత తరచుగా, ఎంత తీవ్రంగా రావచ్చు, దాని దారిలో ఎంతమంది మనుషులు, ఎంత ఆస్తి ఉన్నాయి, అవి దెబ్బకు ఎంత తేలికగా లొంగిపోతాయి అన్న మూడు అంశాలు కలిస్తేనే ముప్పు తేలుతుంది. చివరిదాన్నే దుర్బలత్వం అంటారు. అమెరికాలో మన జిల్లాను పోలిన కౌంటీల వారీగా 18 రకాల విపత్తులకు ఈ లెక్క వేసి, ఏటా సగటున జరగగల నష్టానికి ప్రజల పేదరికం వంటి అంశాలనూ, కోలుకునే శక్తినీ జోడిస్తారు. మన దేశంలో దీనికి దగ్గరగా వచ్చేది 1997లో మొదటిసారి, 2019లో మూడోసారి వెలువడిన దుర్బలత్వ అట్లాసు. ఇళ్ల గోడలు, కప్పులు ఏ సామగ్రితో కట్టినవో జనగణన నుంచి తీసుకుని, అవి భూకంపానికి, గాలికి, వరదకు ఎంత నిలుస్తాయో జిల్లాల వారీగా అది చూపుతుంది.

ఆ అట్లాసులో హైదరాబాద్ భూకంప తీవ్రత తక్కువగా ఉండే రెండో మండలంలో ఉంది; సముద్రం దూరం కనుక తుపాను గాలుల భయమూ తక్కువే. కానీ 2011 జనగణన నాటికే 217 చదరపు కిలోమీటర్లలో 39 లక్షలకు పైగా జనం ఉన్న ఈ జిల్లాలో బంజారాహిల్స్ గుట్టలకూ మాదన్నపేట సందులకూ కలిపి ఒకే సగటు వేస్తే, అది రెండింటిలో దేనికీ వర్తించదు. రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోయినకొద్దీ పాతబస్తీలో ఎన్నో ఇళ్ల గడపలు వీధి కంటే కిందికి దిగాయి. నాలా పొంగినప్పుడు నీళ్లు ముందు చేరేది ఆ ఇళ్లలోకే, అందులోనూ కింది వాటాలో అద్దెకున్న వారి బియ్యం బస్తా, కుట్టుమిషను మీదికే. గోడ ఇటుకదా, కప్పు రేకులదా అని అడిగే జనగణన పత్రంలో గడప ఎత్తుకు గడి లేదు.

ఇంతకంటే పెద్ద చిక్కు జిల్లా సరిహద్దుది. 2020 అక్టోబరు 13 నాటి కుండపోత తర్వాత కొద్ది రోజుల్లోనే రంగారెడ్డి జిల్లా బాలాపూర్ దగ్గరి గుర్రం చెరువు కట్ట తెగితే, మునిగినవి దిగువన హైదరాబాద్ జిల్లాలో ఉన్న హాఫిజ్ బాబానగర్ ప్రాంతపు ఇళ్లు. ముప్పు ఒక జిల్లాలో పుట్టి, నష్టం మరో జిల్లా ఖాతాలో పడిందన్నమాట.

విచిత్రమేమిటంటే, ఈ సంగతి నూరేళ్ల కిందటే తెలిసినదే. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్న తర్వాత, నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య నగరాన్ని మాత్రమే చూసి ఊరుకోలేదు. మూసీ, ఈసీ నదుల పరీవాహక ప్రాంతమంతా, అంటే వాన నీరు జారి నదిలో కలిసే నేలంతా పరిశీలించి, ఎగువన రెండు వందలకు పైగా చెరువులు తెగడం వరదను పెంచిందని తేల్చాడు. 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్ ఆ చూపు ఫలితాలే. నేటి జిల్లా ప్రణాళికలకు ఉపగ్రహ చిత్రాలున్నా, ఆ విస్తృతి కొరవడిందనే చెప్పాలి.

2025లో చట్టాన్ని సవరించి, రాష్ట్ర రాజధానులకూ నగరపాలక సంస్థలున్న పట్టణాలకూ కమిషనర్ అధ్యక్షతన, కలెక్టర్ ఉపాధ్యక్షుడిగా ప్రత్యేక ప్రాధికార సంస్థలు ఏర్పరచుకునే వీలు కల్పించారు. అలాంటి సంస్థ పటాన్ని నగర హద్దు దగ్గరే ఆపుతుందా, లేక నాలాలనూ వాటికి నీరందించే చెరువులనూ ఎగువ దాకా గీస్తుందా అన్నదాన్ని బట్టే మాదన్నపేట మండీ వెనుక ఇంటికి ఎంత ముప్పని రాయాలో తేలుతుంది.